తమ్ముడు చూశానన్న చావు

నా తమ్ముడు ప్రేమదాసుకి సముద్రం నేర్పింది నా మొగుడే. ఈ మాట ముందు చెప్పాలి. లేకపోతే నా కడుపుమంట ఎవరికీ అర్థం కాదు.

మాది దర్శి పక్క మెట్ట. ఎనభై మూడులో పత్తికి పురుగు పట్టి కూలిపనులు లేకపోతే, తమ్ముడు సంచీ చంకన పెట్టుకుని కొత్తపట్నం తీరాన ఉన్న మా ఇంటికి వచ్చాడు. అప్పటికి నీళ్ళంటే వాడికి కాలవలో గేదెల్ని కడగడమే తెలుసు. నా భర్త తోమా వాణ్ణి సొంత తమ్ముడిలా చూశాడు. అలలు దాటడం, తెడ్డు వెయ్యడం, గాలానికి ఎర గుచ్చడం, అన్నీ దగ్గరుండి నేర్పాడు. తన తెప్ప పక్కనే వాడికీ ఒక తెప్ప కట్టించాడు. బావగారి మంచితనం గురించి వాడు వీధి వీధీ తిరిగి చెప్పుకునేవాడు. నేను మురిసిపోయేదాన్ని.

మా ఒడ్డున పెద్దచేపల వేటకి ఒంటితెప్పల మీద పోతారు. నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి కడతారు. దానిమీద ఒక్క మనిషి, తెడ్డు, గాలం, మంచినీళ్ళ కుండ. అంతే. ఒంగోలు కొండ కనపడనంత దూరం పోతేగాని కొమ్ముకోనెం చేప దొరకదు. ముక్కు బల్లెంలా పొడుచుకొచ్చి, మనిషికంటే పొడుగుంటుంది. గాలం మింగిందంటే మనిషితో సహా తెప్పని ఈడ్చుకుపోతుంది. అందుకని ఆ వేటకి ఎవరూ ఒంటరిగా పోరు, రెండు తెప్పలు జోడుగా పోతాయి. ఒకరిని చేప ఈడిస్తే రెండోవాడు ఎంత దూరమైనా వెనకాలే పోవాలి. జోడుని వదిలి ఒడ్డెక్కినవాడితో మళ్ళీ ఎవరూ తెప్ప దించరు.

ఆ రోజు తోమాకి జోడు ప్రేమదాసు.

మధ్యాహ్నం మూడింటికి తమ్ముడొక్కడే వచ్చాడు. తెప్పని అలల్లోనే వదిలేసి ఇసకలో కూలబడ్డాడు.

"బావ పోయాడక్కా. చేప తెప్పని తిరగేసింది. రెండుసార్లు తల పైకొచ్చింది. నేను దగ్గరికెళ్ళేలోపే మునిగిపోయాడు. కళ్ళారా చూశాను," అన్నాడు.

మా పేటకి పెద్ద యలమందయ్య తాత అప్పటికే తెప్పలు దింపిస్తున్నాడు. వాడి దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. "ఏరా, మునగడం చూశావా, కనపడకుండా పోవడం చూశావా? సరిగ్గా చెప్పు."

తాత ఊరికే అడగలేదు. కనపడకుండా పోయినవాడి కోసం పేటలో తెప్పలన్నీ కదులుతాయి. మునిగినవాడి కోసం కదలవు. శవాన్ని సముద్రమే తెచ్చి ఒడ్డున పెడుతుందని ఎదురుచూస్తారు.

"మునగడమే చూశాను తాతా," అన్నాడు నా తమ్ముడు.

దక్షిణపు గాలి ముదిరింది. నీళ్ళ అంచున ఆరు తెప్పలున్నాయి. ఆ ఆరుగురి పెళ్ళాలూ అక్కడే నిలబడ్డారు. ఎవరి మొగుడి వంక వాళ్ళు చూస్తున్నారు. తాత నా దగ్గరికి వచ్చాడు. "చూశానంటున్నాడు. అయినా నీ మనిషి, మాట నీది. పొమ్మంటే పోతామమ్మా."

నేను తమ్ముడి మొహం చూశాను. అమ్మ కలుపుకి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేను. వాడు అబద్ధమాడితే ఇట్టే పట్టేస్తానని నాకు మహా నమ్మకం.

"వద్దు తాతా. వాడు చూశాడుగా. ఒక ప్రాణం పోయింది, చాలు," అన్నాను.

ఎంత పెద్దమనసమ్మా అని ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. తెప్పలు పైకి లాగి, కట్లు విప్పి, దుంగలు ఆరబెట్టేశారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. తమ్ముడు అందరికంటే గట్టిగా ఏడ్చాడు. మర్నాడు నేను అన్నం ముట్టకపోతే వాడే ముద్ద కలిపి నా నోట్లో పెట్టాడు. నేను తిన్నాను.

మూడోరోజు పొద్దున ఒంగోలు బస్సు దిగి తోమా ఇంటికి నడిచొచ్చాడు.

ఎవరిదో లుంగీ, ఎవరిదో చొక్కా. పెదాలు పగిలి, అరచేతులకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాడు. మొహం తడిమి చూశాను. వెచ్చగా ఉంది.

"ప్రేమదాసు చేరలేదు కదూ," అన్నాడు మొట్టమొదట.

నాకు బోధపడలేదు.

"వాడు చేరుంటే మీరు వచ్చేవాళ్ళు. ఎవరూ రాలేదంటే వాడూ పోయాడనుకున్నాను. చేప తాడు తెంపుకుపోయాక ఒడ్డుకి తెడ్డెయ్యాల్సినవాణ్ణి, వాడి కోసం వెతుకుతూ తిరిగాను. పేరు పెట్టి అరిచి అరిచి గొంతు పోయింది. నిన్న సాయంత్రం గాలే నన్ను వాడరేవు దగ్గర పడేసింది."

ఈలోగా జనం పోగయ్యారు. వాళ్ళ వెనక ప్రేమదాసు నిలబడి ఉన్నాడు. తోమా వాణ్ణి చూసి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఆ గుడ్డలు చుట్టిన చేతుల్తోనే వాటేసుకున్నాడు. "బతికే ఉన్నావురా, నా తండ్రీ," అన్నాడు. నా తమ్ముడు కొయ్యలా నిలబడ్డాడు.

అప్పుడర్థమైంది నాకు. వెళ్ళి వాడి చొక్కా పట్టుకుని లాగాను.

"మునగడం చూశావా రా?"

"లేదక్కా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "కొంతదూరం వెనకాల పోయాను. లోతు పెరిగి నీళ్ళు నల్లబడేసరికి భయమేసింది. వదిలేసి వచ్చానంటే ఇక్కడ ఉండనివ్వరుగా. ఎటూ బతకడనుకున్నాను."

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను. వీడు దాటించినవాణ్ణే ఏట్లో వదిలేశాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను. వాడు అడ్డం పెట్టుకోలేదు. మధ్యాహ్నం బస్సుకి సంచీతో వెళ్ళిపోయాడు. గుంటూరులో మిర్చి బస్తాలు మోస్తున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. నేను అడగలేదు.

జనం వెళ్ళాక తోమా చేతులు కడిగి కొత్త గుడ్డ కడుతూ కూచున్నాను. తాడు కోసిన కోతల్లో ఎముక తెల్లగా కనపడుతోంది.

"వాడు మెట్టవాడు, భయపడ్డాడు. పోనీ," అన్నాడు తోమా. "నేను మునిగాననే చెప్పాడనుకో. అయినా యలమందయ్య తాత ఊరుకునే మనిషి కాదే. ఒక్క తెప్పా కదల్లేదా?"

గాలి ముదిరిందని చెప్పొచ్చు. తాతే కాదు, పేటలో ఎవరూ నా మాట బయటపెట్టరు. కానీ అబద్ధం ఏం చేస్తుందో అప్పుడే చూసి ఉన్నాను.

"ఆరు తెప్పలు దించారు. నేనే వద్దన్నాను," అన్నాను.

తోమా గుమ్మంలోంచి సముద్రం వంక చూశాడు.

"నిన్నంతా ఒడ్డువైపే చూస్తూ కూచున్నాను," అన్నాడు. "అందరూ ఆశ వదులుకున్నా నా దేవకుమారి ఒప్పుకోదు, పేటంతా లేపి తరిమి పంపుతుంది అనుకున్నాను."

చెయ్యి నా ఒళ్ళోంచి మెల్లగా తీసుకున్నాడు. మిగిలిన గుడ్డ పళ్ళతో పట్టుకుని తనే కట్టుకున్నాడు.