అమ్మవారి చెవి

ముత్యాలమ్మ ఇత్తడి మొఖం మైసయ్య చేతిలోంచి జారి బండ మీద పడింది. కుడి చెవి ఊడి పక్కకు దొర్లింది. జాతర ఇంకా నాలుగు రోజులుంది. నాలుగు తరాలుగా ఆ మొఖాన్ని మోసే హక్కు మైసయ్య ఇంటిదే, ఆ హక్కు వెంట మూడెకరాల మాన్యం. మొఖం చెడగొట్టినవాడి హక్కు దాయాదికి పోతుందని ఊరి కట్టడి. ఆ దాయాది సైదులు ఏండ్ల తరబడి గోతికాడి నక్కలా కాచుకుని ఉన్నాడు.

మైసయ్య చెవిని రుమాలులో మూటగట్టి, మొఖాన్ని గోనెసంచిలో దాచి, మోత్కూరులో బస్సెక్కి నల్లగొండ పోయాడు. అక్కడ గిన్నెలకు మాట్లు వేసే నూరుద్దీన్ ముందర సంచి విప్పాడు.

"టంకం పెడ్తె నీ మనుమల కాలం దాక ఉంటది," అన్నాడు నూరుద్దీన్.

"నిప్పు తాకొద్దు భాయ్. పోత పోసిననాడు కాలిందే కాలుడు. మల్ల కాలిస్తె అమ్మ ఊరును కాలుస్తదట."

"లక్కకు గూడ వేడే గావాలె. పైగ ఎండల ఊరేగిస్తె కరిగి నీ భుజం మీద కారుతది. వడ్లోళ్ల వజ్రం బంక కట్టెకే పడ్తది, ఇత్తడి దాని మాట వినదు."

నూరుద్దీన్ పెట్టె అడుగు నుంచి రెండు చిన్న గొట్టాలు తీశాడు. ఈ మధ్యనే పట్నం నుంచి వచ్చిన మందు.

"పొయ్యి అక్కర్లే. రెండు సమానంగ కలిపి పెట్టి, ఒక్క దినం కదిలియ్యకు. గాని నూరేండ్ల నూనె, పసుపు దీనికి పట్టి ఉన్నయి. కిర్సనాయిలుతో తుడిచి, ఆకురాయితో మెరిసేదాక రాకాలె."

"అమ్మ మొఖం రాకుతరా ఎవరన్న?"

"రాకకపోతె తీస్కపోకు. రేపు ఊడితె నా పేరు చెప్తవ్."

మైసయ్య గొట్టాలతోపాటు ఆకురాయి కూడా కొన్నాడు. ఇంటికొచ్చి తలుపేసి, రెండూ భార్య ఈదమ్మ ఒళ్లో పడేశాడు.

"నేను రాకలేను. నువ్వే రాకాలె."

"ఆడోళ్లు ముట్టొద్దంటివి గద."

"ముట్టొద్దన్నది నేనే. ముట్టుమంటున్నది గూడ నేనే."

ఆమె రాకుతుంటే అతడు గోడవైపు తిరిగి కూచున్నాడు. ఆకురాయి గీరినప్పుడల్లా పండ్లు జివ్వుమన్నాయి. చెవి అతికించి, దారంతో బిగించి, ఒక దినమంతా కదపలేదు. మర్నాడు లాగి చూస్తే చెట్టుకు కొమ్మలాగా కరుచుకుని ఉంది. గీతలు కనబడకుండా పసుపు పూశాడు. మైసయ్య ఆ పూట కడుపునిండా తిన్నాడు.

జాతర పొద్దున చింతపండుతో మొఖం తోమే వంతు సైదులిది. పసుపు పోగానే గీతలు కనబడ్డాయి. చెవి పట్టుకుని రెండు చేతులతో గుంజాడు, రాలేదు. అయినా వదలకుండా పటేలును పిలుచుకొచ్చాడు.

"అతుకు గట్టిదే. ఆకురాయి పెట్టిన చెయ్యి ఎవరిదిర మైసిగా?" అన్నాడు పటేలు.

డప్పులవాళ్లు ఆగారు. మూడెకరాలు మైసయ్య కండ్ల ముందు ఒక్కసారి తిరిగాయి. జనంలో ఉన్న భార్యవైపు వేలు చూపాడు.

"గిదే పటేలా. నేను లేనినాడు ఎత్తి కింద పడేసింది. నాకు తెల్వకుంట అతికిచ్చింది."

ఈదమ్మ ముందుకొచ్చింది. "నా మొఖం చూసి చెప్పు గా మాట."

మైసయ్య ఆమె చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆమె పెదవి పగిలింది. "చూసిన, చెప్పిన," అన్నాడు.

సైదులు నవ్వాడు. "కాల్చిన జాడ లేదు, గిది పట్నం మందు. ఊర్లె దొరుకుతదా అన్నా? వదినె ఎన్నడు బస్సెక్కింది?"

ఈ ముడి విప్పాలంటే పొద్దు పోతుంది. అప్పటికే ఎండ మండుతోంది, కోడిపుంజులు కట్టేసి ఉన్నాయి, జనం విసుగుపడుతున్నారు.

"ఆడది ముట్టిందని మొగడే అంటాండు గద," అన్నాడు పటేలు. "దాన్ని పొలిమేర దాటియ్యండ్రి. మొఖం లేవనీండ్రి."

ఇంట్లోకి పోయి చెప్పులు తెచ్చుకుంటానంటే ఈదమ్మకు ఒక్కరూ దారియ్యలేదు. కాలే బాటలో ఆమె అట్లాగే పుట్టింటివైపు నడిచింది. మైసయ్య గీతల మీద పసుపు మందంగా మెత్తి, మొఖాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

ఏడాది తిరగకముందే వండిపెట్టే మనిషి కావాలని మైసయ్య ఇంకొకతెను చేసుకున్నాడు. ఆ పెండ్లి బంతిలో అందరికంటే ముందు కూచున్నది, బస్సు మాట మళ్లీ ఎత్తని సైదులే.