సార్డీనియాలో గృహప్రవేశం

నేను ఒక గుడారాన్ని. ఇద్దరు పడుకోవచ్చని నా సంచి మీద రాసి ఉంటుంది. ఆ ఇద్దరూ ఎంత సన్నగా ఉండాలో మాత్రం రాయలేదు. చైనాలో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. మొదట ఒక జర్మన్ కుర్రాడు కొన్నాడు. వేసవంతా నాలో సాక్సులు ఆరేసి, పెళ్లి కుదరగానే నన్ను పాత సామాన్ల సంతకు తోలేశాడు.

అక్కడ నన్ను కొన్నవాడు వరాహనరసింహం. విశాఖపట్నం మనిషి, ఇటలీలో జెనోవా రేవులో ఓడల ఇంజన్లు బాగుచేస్తాడు. భార్య సత్యవేణి నన్ను తడిమి, "ఇది మన సొంతమే కదండీ? రేపొద్దున్న ఎవడూ వచ్చి ఖాళీ చెయ్యమనడు కదా?" అంది. పెళ్లయిన నాటి నుంచీ అద్దె ఇళ్లే. ఒక్కసారైనా సొంత ఇంట్లో పాలు పొంగించాలని ఆవిడ కోరిక. అంతే, నాకు గృహప్రవేశం ఖాయమైపోయింది. ఔరా, గుడ్డముక్కకు గృహప్రవేశమా అని నోరెళ్లబెట్టాను. నా జిప్పు ఎప్పుడో ఊడింది కాబట్టి అది నాకు సులువే.

విజయనగరం నుంచి ఆవిడ అన్నగారు ఫోనులోనే ముహూర్తం పెట్టేశాడు. మాఘమాసంట! జెనోవా నుంచి ఓడలో చవగ్గా వెళ్లొచ్చని సార్డీనియా దీవికి చేరారు. దాని తూర్పు తీరంలో ఆ చలికి బుద్ధున్నవాడెవడూ గుడారం వెయ్యడు. క్యాంపింగ్ మైదానంలో హోటలు మూత, దుకాణం మూత, ఈతకొలను నిండా ఎండుటాకులు. కింద కొండరాళ్ల మీద సముద్రం విరుచుకుపడుతోంది. మిగిలిందల్లా కాపలాదారు ఎఫీసియో, అతని మేకలు.

"గుమ్మం కొండవైపు పెట్టండి. గాలంతా సముద్రం నుంచే" అన్నాడు ఎఫీసియో.

"తూర్పుకే ఉండాలి. మా బావగారు గట్టిగా చెప్పారు" అన్నాడు నరసింహం.

"ఆయన ఎప్పుడైనా ఇక్కడికొచ్చారా?"

"విజయనగరమే దాటలేదు."

 గుమ్మం సముద్రానికే పెట్టారు. రాతినేలలో మేకులు దిగక, నరసింహం అడుగుగుడ్డ లేని నా లోపల చాప పరిచి, దాని మీద చతికిలబడి నా అంచులు రెండు చేతులా పట్టుకున్నాడు. గాలి దూరి నేను పూరీలా ఉబ్బాను. సత్యవేణి గుమ్మంలో స్టవ్ వెలిగించి, పట్టుచీర మీద స్వెట్టరుతో వీపు అడ్డంపెట్టి కూర్చుంది. మంట ఆరడం, వెలిగించడం, మళ్లీ ఆరడం. చివరికి పాలు కదిలాయి, నురగ లేచింది, అంచుదాకా వచ్చింది.

ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఎఫీసియో, పరుగున వచ్చి గిన్నె ఎత్తేశాడు.

"భయపడకండి! పొంగకుండా ఆపేశాను!"

"అయ్యో, నీ చేతులు పడిపోనూ!" అంది సత్యవేణి తెలుగులో. అతనేమో మెచ్చుకుందనుకుని నవ్వుతూ గిన్నె కింద పెట్టాడు. వెనకే వచ్చిన మేక ఒకటి గిన్నెను తన్నేసి, ఒలికిన పాలన్నీ నాకేసింది. ఆవిడ బావురుమంది. "నాకు సొంతిల్లు రాసి పెట్టలేదండీ. ఇక ఇంతే నా బతుకు."

పాలు కావాలనే పొంగనివ్వాలని నరసింహం విడమరిచి చెప్పాడు. ఎఫీసియో ముఖం పాలిపోయింది. వెళ్లి, ఆ మేకనే పట్టుకుని పాలు పితుక్కొచ్చాడు. "ముహూర్తం ఇంకా ఉందా?" అని అడిగి, ఈసారి తనూ గాలికి అడ్డంగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

నేను కూడా ఊపిరి బిగబట్టాను. పాలు లేచాయి, అంచు దాటాయి, చుయ్యిమంటూ మంట మీద పడ్డాయి.

"పొంగాయండీ! పొంగాయి!"

నరసింహం ఆనందం పట్టలేక దేవుడికి దండం పెట్టాడు. మహానుభావుడు! దండానికి రెండు చేతులూ కావాలి మరి. అంచులు వదిలేశాడు. నేను గాల్లోకి లేచి, ఎఫీసియో నెత్తి మీదుగా ఎగిరి, కింది రాళ్ల మధ్య ముళ్లపొదలో చిక్కుకుని నిలువునా చిరిగాను. ఇప్పుడూ అక్కడే ఉన్నాను.

అక్కడి నుంచి అంతా చూశాను. పైన బోసినేల మీద చాప, స్టవ్, మొగుడూ పెళ్లాం, కాస్త ఇవతల ఎఫీసియో. "మీ ఇల్లు... పోయిందే" అన్నాడు ఎఫీసియో దిగులుగా.

సత్యవేణి కళ్లు తుడుచుకుంది. కొంగు సర్దుకుని, వచ్చీరాని ఇటాలియన్‌లో అంది. "అన్నయ్యగారూ, అలా బయటే నిలబడిపోయారేం? భోజనం చేసి వెళ్లండి. లోపలికి రండి."

ఎఫీసియో ఒక్క క్షణం ఆవిడ వైపు చూశాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. గుమ్మం ఉండాల్సిన చోట తల వంచుకుని లోపలికి వెళ్లాడు.