పొట్టి కొర్రల కుండ

మా అత్త ఎదురొస్తే పందులు కూడా దారి తప్పుకునేవి. నోరు అలాంటిది. వేయ్ నది ఒడ్డున మా పసుపు మట్టి దిబ్బ మీద విత్తనాల పెత్తనమంతా ఆవిడదే. కొర్ర కోతకు రాగానే రాతి కత్తి పట్టుకొని ముందు ఆవిడే చేలోకి దిగాలి. అన్నిటికన్నా పొడుగు కంకులు చూసి విత్తనానికి కోయాలి. ఆ తరువాతే మేము. "విత్తనం కొద్దీ పంట" అనేది. మా కంకులు చూసి ఎగువ ఊరివాళ్లు కుళ్లుకునేవాళ్లు. అంత కంకి పండాలంటే అన్ని వానలూ కావాలని, వానలు పడినన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

నా కూతురు సుయ్‌కి మాత్రం గట్టు పక్కన ముందే పండిపోయి, ఎవరూ కోయని పొట్టి కంకులంటే జాలి. అవి ఏరుకొచ్చి పందుల దొడ్డి వెనక చల్లుకునేది.

"ఏమే, పిచ్చుకల కోసం సేద్యం చేస్తున్నావా?" అంది అత్త, దాని తల దువ్వుతూ.

"నేనూ పొట్టిదాన్నే కదా నానమ్మా. నన్ను పారేశావా?"

"పారేద్దామనే అనుకున్నా. మీ అమ్మ చూస్తోందని ఊరుకున్నా."

తరువాత వానలు మొహం చాటేశాయి. రెండో ఏడు పొడుగు కొర్రలు పొట్ట మీద ఉండగానే నిలువునా మాడిపోయాయి. ఎండలు ముదిరేలోపే పండి చేతికొచ్చింది దొడ్డి వెనక మడి ఒక్కటే. సుయ్ ఆ కంకులు తనే నలిపి, తనే చెరిగి, కుండకెత్తింది. అత్త వెంటనే మూతి కట్టేసింది.

"ఇవి విత్తనాలు. ముట్టుకుంటే వేళ్లు విరుస్తా."

పిచ్చుకల సేద్యమన్న మనిషి ఆ కుండను తల దగ్గర పెట్టుకుని పడుకునేది. మేమంతా బెరడు గంజి తాగాం. చలికాలం చివర్లో సుయ్‌కి జ్వరం తగిలింది. ఒంట్లో ఏముందని తట్టుకుంటుంది? పోయింది.

మాలో పోయినవాళ్లు తమ చేత్తో పండించింది కుండలో పోసి తల దగ్గర పెట్టి పంపుతాం. లేకపోతే దారంతా ఆకలితో నడవాలి. మట్టి కప్పాక మళ్లీ తవ్వకూడదు. నేను సుయ్ కుండ తెచ్చి ఒళ్లో పెట్టుకుని గొయ్యి పక్కన కూర్చున్నాను. అత్త వచ్చి నా ఎదురుగా మట్టిలో కూలబడింది.

"ఇటివ్వమ్మా."

"ఇవ్వను. బతికుండగా దాని నోట్లో ఒక్క గింజ పడనిచ్చావా? ఇప్పుడైనా తిననీ."

"తిట్టు, పడతాను. ఇవి పూడిస్తే ఊరందరికీ గోతులు తవ్వుకోవాలే. ముందు నీ చంకలోవాడికి."

చంకలో నా కొడుకు ఏడ్చే ఓపిక కూడా లేక వేళ్లు చీక్కుంటున్నాడు. కుండ ఇచ్చేశాను. బిడ్డను వట్టి చేతులతో పంపలేక ఇంకో కుండలో నది ఇసుక పోసి పెట్టాను.

ఆ వసంతంలో విత్తనాలన్నీ అత్తే చల్లింది. నడుం వంగిపోతున్నా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. ముసలిదానికి పెత్తనం పోలేదని తిట్టుకున్నాను. వానలు అంతంతమాత్రమే పడ్డాయి, అయినా పొట్టి కొర్రలు పండాయి. ఊరంతా గిన్నెలు నాక్కుంటూ తిన్నారు. అత్త మాత్రం పళ్లు లేవంటూ ఆకుల గంజే తాగింది. మంచు పడేనాటికి మంచం పట్టింది.

"నా కుండలో ఆ పొట్టి కొర్రలే పొయ్యి. నిండా పొయ్యి" అంది.

"ఒక్క గింజా తినలేదు కదత్తా. ఇప్పుడైనా కాస్త గంజి కాచి పెట్టనా?"

"నాకెందుకే? నా చేత్తో పండించాను, నాతో తీసుకుపోవచ్చు. అది ఇసుకతో నడుస్తోంది. చిన్న కాళ్లు, ఎంతో దూరం పోయుండదు. అందుకుంటాను."

కుండ నిండా పోశాను. పైన సుయ్ తినే చెక్క గిన్నె పెట్టాను. మట్టి కప్పుతుంటే మా అత్త మీద నాకు అసూయ పుట్టింది. నా బిడ్డకు అన్నం పెట్టే భాగ్యం ఆవిడకు దక్కింది.