ఎడమ పక్క కొంచెం ఎక్కువ

ఆ సెలూన్‌లో రెండు కుర్చీలు. ఒకటి యజమానిది, రెండోది అతని అక్క మొగుడిది. యజమాని "బావా, బావా" అని పిలవడం విని వచ్చిపోయేవాళ్ళంతా అతన్ని బావగారనే అనేవారు. పిలుపులో మర్యాదకు లోటు లేదు గానీ, ఆ కుర్చీలో కూర్చోమంటే మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

బావ చేతిలో పనితనం లేక కాదు. కత్తెర పట్టాడంటే తల మీద ఏదో జరుగుతోందని కూడా తెలిసేది కాదు. చిక్కంతా చివర్లోనే. పని అయిపోయిందనుకుని దువ్వెన పెట్టి చూస్తే కుడి చెవి పక్కన ఒక పిసరు ఎక్కువ కనిపించేది. అది తగ్గిస్తే ఎడమ పక్క ఎక్కువయ్యేది. అలా రెండు పక్కలూ పోటీలు పడి నడినెత్తికి పాకేవి. "ఇంక చాలు బాబూ, చలేస్తోంది" అని ఒక పెద్దాయన మొత్తుకుంటే సెలూనంతా పగలబడి నవ్వింది.

బావ కూడా నవ్వాడు. కానీ ఆ సరిచెయ్యడం నీటు కోసం పడే తాపత్రయం కాదని అతనొక్కడికే తెలుసు. రెండు పక్కలూ సమానంగా లేకుండా ఎవరినైనా పంపేస్తే కూతురికి ఏదో అయిపోతుందని భయం. ఎవరిదో జుట్టుకూ, తన పిల్లకూ ఏమిటి సంబంధం? ఏమీ లేదని అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగదే!

ఇంట్లోనూ అదే తంతు. పొద్దున్నే కర్టెన్ల ముందు నిలబడి ఇటు కాస్త, అటు కాస్త జరుపుతూ ఉండిపోయేవాడు. భార్య టిఫిన్ బాక్సు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మీరు నన్ను కాదు, ఈ కర్టెన్‌ని చేసుకోవాల్సింది" అనేది.

బడిలో గ్రూప్ ఫొటో అన్నారని ఒకనాడు కూతురు చిట్టి, ముంగురులు కత్తిరించమని కూర్చుంది. బావ కత్తిరించాడు. సరిచేశాడు. మళ్ళీ సరిచేశాడు. చేస్తూ, తనకు తెలియకుండానే, "నీకేం కాకూడదమ్మా, నీకేం కాకూడదు" అని గొణిగాడు.

"నాన్నా, నా నుదురు పెద్దదవుతోందా?" అంది చిట్టి.

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి భార్య కత్తెర లాక్కునేసరికి పిల్ల కనుబొమల పైన బోలెడంత మైదానం మిగిలింది. చిట్టి మాత్రం ఏమీ అనుకోలేదు. ఫొటోలో మొదటి వరసలో నిలబడి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

మర్నాడు అన్నం దగ్గర ఆ పిల్ల తన గ్లాసునూ తల్లి గ్లాసునూ పక్కపక్కన పెట్టి, కొంచెం జరిపి, ఇంకొంచెం జరిపి, తలెత్తి అడిగింది. "నాన్నా, ఇప్పుడు నాకేం కాదు కదా?"

బావ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. అప్పుడు చెప్పాడు భార్యతో, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా. ఆమె ఈసారి ఎగతాళి చెయ్యలేదు. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"దీన్ని ఓసీడీ అంటారు. మీ మొండితనమూ కాదు, పిచ్చీ కాదు" అంది డాక్టరమ్మ. మాత్రలు రాసింది. వారం వారం రమ్మంది. "సరిచేసినప్పుడల్లా ఆ భయానికి మీరే మేత వేస్తున్నారు. కావాలనే కొంచెం ఎగుడుదిగుడుగా వదిలెయ్యాలి. భయం దానంతటది దిగేదాకా సర్దకుండా ఉండాలి."

"ఎవరి తల మీద వదిలెయ్యను మేడమ్?"

డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని తన జుట్టు చెవి వెనక్కి దోపుకుంది. "మీ మీసంతో మొదలుపెడదాం."

మర్నాడు బావ ఎడమ మీసం కాస్త పొడుగ్గా వదిలేసి సెలూన్‌కి వెళ్ళాడు. ఎటు తిరిగినా అద్దమే. చెమటలు పోశాయి. ఎవరైనా నవ్వుతారేమోనని సాయంత్రం దాకా కాచుకున్నాడు. ఒక్కడూ గమనించలేదు. పైగా బావమరిది, "ఏంటి బావా, ఇవాళ మొహం కళగా ఉంది?" అన్నాడు. బావకు కొంచెం కోపం కూడా వచ్చింది.

కొన్ని వారాలయ్యాక, అక్క ద్వారా సంగతి తెలిసి, బావమరిది తానే వచ్చి బావ కుర్చీలో కూర్చున్నాడు. "కత్తిరించు బావా. నాకు పెళ్ళెలాగూ అయిపోయింది. ఎడమ పక్క కొంచెం ఎక్కువ వదిలెయ్."

బావ కత్తిరించాడు, వదిలేశాడు. బావమరిది గుడ్డ దులుపుకుని లేచాడు.

"ఒరేయ్, ఒక్క నిమిషం కూర్చోరా. ఒకే ఒక్క వెంట్రుక!"

"డాక్టరమ్మ ఒప్పుకోదు."

"ఆవిడకెవరు చెప్తారురా?"

"అక్క చెప్తుంది!"

బావ కత్తెరతో, బావమరిది మెడలో గుడ్డతో కుర్చీ చుట్టూ పరుగులు తీశారు. ఆయాసం వచ్చి బావ కూలబడ్డాడు. బడికి ఫోన్ చేసి పిల్ల క్షేమం కనుక్కుందామని ఫోన్ తీశాడు. బావమరిది ఆ ఫోన్ జేబులో వేసుకుని, "ఇదీ సర్దడమే బావా" అన్నాడు. పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ వచ్చేపోయే జనాన్ని చూశారు. చాలాసేపటికి బావలో భయం తగ్గింది. ఏమీ చెయ్యకుండానే తగ్గింది. అదే అతన్ని ఆశ్చర్యపరిచింది.

అంతటితో అంతా సర్దుకుందని కాదు. ఒంట్లో బాగాలేని రోజున, నిద్ర చాలని రోజున పాత భయం ఏ మొహమాటమూ లేకుండా వచ్చి కూర్చునేది. ఇంట్లో మాత్రం చిట్టి గ్లాసు ఎక్కడ పడితే అక్కడ పెట్టి, తల్లితో చివాట్లు తినేది.

ఈమధ్య ఒక కొత్త మనిషి వచ్చాడు. క్షవరం అయ్యాక తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇటు పక్క కాస్త ఎక్కువుందండీ. కొంచెం కొడితే పోతుందిగా?" అన్నాడు.

పక్క కుర్చీ దగ్గర కత్తెర చప్పుడు ఆగింది.

"కొట్టొచ్చు సార్" అన్నాడు బావ. "తర్వాత అటు పక్క ఎక్కువంటారు. నేనా దారిలో చాలా దూరం వెళ్ళొచ్చాను. అక్కడ వట్టి గుండు తప్ప ఇంకేం లేదు."

ఆయన నవ్వాపుకోలేక, అలాగే లేచి వెళ్ళిపోయాడు. బావ చెయ్యి కాసేపు దురద పెట్టింది. కుర్చీ దులిపి, తర్వాతి మనిషిని పిలిచాడు.