మేజోళ్లు తొడిగిన సీసాలు

ఆదివారం భోజనాల వేళ దాటాక లోర్నా ఫ్రిజ్ తెరిచి చీజ్ ముక్కల్ని ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టింది. చల్లగా ఉన్న చీజ్ నోరు విప్పదని ఆమె భర్త క్లిఫర్డ్ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. చెప్పింది క్లిఫర్డే గానీ కనిపెట్టింది లోర్నా. ఆ ఇంట్లో మొదట్నుంచీ అంతే. నాలుక ఆమెది, నోరు ఆయనది.

నెలకో ఇంట్లో జరిగే ఆ కూటానికి పేరంటూ లేదు. కొండవాలు ద్రాక్షతోటలో కోతల సాయానికి వెళ్లే ఇరుగుపొరుగు మొదలుపెట్టిన ముచ్చట అది. రోజంతా వంగి గుత్తులు కోస్తే తోటవాళ్లు మధ్యాహ్నం భోజనం పెట్టి, వెళ్లేటప్పుడు ఒక సీసా చేతికిచ్చేవాళ్లు. ఆ సీసాను ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా తాగడం దేనికని కలిసి తాగడం మొదలైంది. తర్వాత చీజ్ వచ్చి చేరింది. ఎవరింట్లో కూడితే వాళ్లు నాలుగు వైన్లు, నాలుగు రకాల చీజ్ సిద్ధం చేయాలి. అన్నీ ఇంగ్లండులో పుట్టినవే అయ్యుండాలి. పేరు కనబడకుండా సీసాలకు మేజోళ్లు తొడగాలి. ఏ వైన్‌కి ఏ చీజ్ నప్పుతుందో వచ్చినవాళ్లు తేలుస్తారు. చివర్న ఇంటివాళ్లు తమ తీర్పు చెప్పి, ఎందుకో కూడా చెప్పాలి.

లోర్నా ఇంట్లో ఆ తీర్పు క్లిఫర్డ్ చెప్పేవాడు. వచ్చినవాళ్లు ముందుగదిలో కబుర్లాడుతుంటే ఆమె వంటింట్లో ఒక గుక్క తాగి, ఒక ముక్క కొరికి, ఆయన చెవిలో చెప్పేది. ఆయన బయటికొచ్చి దానికి నాలుగు జోకులు తగిలించి, అంతా తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

క్లిఫర్డ్ ఏప్రిల్‌లో పోయాడు. ఖననం అయ్యాక చర్చి హాల్లో ఎవరో చేతిలో పెట్టిన శాండ్‌విచ్ కొరికితే అట్టముక్క నమిలినట్టయింది. దుఃఖంలో అంతేలే అనుకుంది. తర్వాత టీ, టోస్టు, ఉడకబెట్టిన గుడ్డు, అన్నీ అట్టముక్కలే అయ్యాయి. దుఃఖం అనుకున్నదాని జాడా లేదు. ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. పొద్దున లేచి పక్క సర్దడం, చెత్తబుట్ట వీధిలో పెట్టడం, వానొస్తే కిటికీ వేయడం. రోజులు అలా గడిచిపోతూనే ఉన్నాయి.

నాలుక పోయిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు. రుచి తెలియని మనిషి ముందు కూర్చుని తినడం ఇబ్బందని మెల్లమెల్లగా కూటం మానేస్తారు. మానేశామని మాత్రం చెప్పరు. ఒకరికి నడుంనొప్పి వస్తుంది, ఇంకొకరికి మనవడి పుట్టినరోజు వస్తుంది. ఆ ఒక్క ఆదివారం కూడా పోతే ఇక ఆ ఇంటి గంట కొట్టేది పోస్టు మనిషే. అందుకే వేసవిలో తప్పించుకున్న వంతును ఈ నవంబరులో తనే అడిగి తీసుకుంది. పోయినేడు తమ వంతుకి ఏ తోటల వైన్లు తెచ్చారో సరిగ్గా ఆ తోటలవే కొంది. పోయినేడు క్లిఫర్డ్ చెవిలో చెప్పినదంతా ఆమెకు గుర్తుంది. అదే ఈసారి పైకి చెప్పేస్తే సరిపోతుంది.

మేజోళ్లు మాత్రం క్లిఫర్డ్‌వే. ఆయన బట్టలన్నీ చారిటీ షాపుకి ఇచ్చేసినప్పుడు ఆ సొరుగు తెరవడం మరిచిపోయింది. మరిచిపోయాననే తనకు తాను చెప్పుకుంది. బూడిదరంగు ఉన్ని జత, మడమ దగ్గర తనే రఫ్ఫు చేసిన ఎర్ర జత. నాలుగు సీసాలకు నాలుగూ తొడిగి బల్ల మీద వరసగా నిలబెట్టింది.

అందరికంటే ముందు బెర్నార్డ్ వచ్చాడు. పక్క వీధిలో ఉంటాడు, రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి. వెనకే ఎవ్రిల్, ఆమె మొగుడు రెక్స్. పెళ్లికి ముందు నుంచీ ఎవ్రిల్ లోర్నాకు స్నేహితురాలు.

"ఏం వాన, ఏం వాన! బూట్లు విప్పమంటావా తల్లీ, ఇలాగే రానా?" అన్నాడు బెర్నార్డ్.

"విప్పకు మహానుభావా. నీ సాక్సుల కంపుకి చీజ్ సిగ్గుపడుతుంది," అంది ఎవ్రిల్.

నవ్వుతూ గదిలోకి వచ్చి బల్ల చూశారు. నవ్వు ఆగింది. ఆ ఎర్ర మేజోళ్లతో క్లిఫర్డ్ కొండ మీద నడిచిన దారులన్నింటా బెర్నార్డ్ కూడా నడిచాడు. అతను కిటికీ వైపు తిరిగాడు.

"గాలి కూడా బాగా లేచింది," అన్నాడు.

"అవును, రాత్రి మా కంచె పడిపోయింది," అన్నాడు రెక్స్.

అందరూ కూర్చున్నారు.

మొదటి ఎర్ర మేజోడులో ఉన్నది బుడగల వైన్. రెక్స్ బిరడా తిప్పి టప్పున తీశాడు. లోర్నా అందరికీ పోసి, తన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలవాటుగా కళ్లు మూసుకుంది. ఏమీ లేదు. కిటికీ అద్దానికి ముక్కు ఆనించినట్టుంది.

"పచ్చి ఆపిల్," అంది. "వెనకే కాల్చిన రొట్టె. దీనికి మెత్తటి చీజే జోడీ. వెన్నలాంటి ఆ జిడ్డును బుడగలు కడిగేస్తాయి."

ముగ్గురూ తాగారు.

"బాగుంది," అన్నాడు బెర్నార్డ్.

"చాలా... వేరేగా ఉంది," అంది ఎవ్రిల్.

రెక్స్ గ్లాసులోకి చూస్తూ, "ఆపిల్. అవునవును, ఆపిల్ తెలుస్తోంది," అని ఒక్క గుక్కలో తాగేసి, మందు మింగిన పిల్లాడిలా మొహం పెట్టి, "ఇంకొంచెం పోస్తావా లోర్నా?" అన్నాడు.

లోర్నా పోసింది. అంతా సవ్యంగానే సాగుతోందనుకుంది. బెర్నార్డ్ గ్లాసు కూడా ఖాళీ అయింది. ఎవ్రిల్ గ్లాసు అందరికంటే ముందే ఖాళీ. ఎవ్రిల్ కుర్చీ పక్కన పూలకుండీలో మట్టి మీద సన్నటి నురగ చిటచిటలాడుతోంది.

లోర్నా ఆ నురగను చూస్తూ ఉండిపోయింది. బుడగల వైన్ చుక్క కూడా వదలని మనిషి ఎవ్రిల్.

సీసా, బిరడా తీసుకుని వంటింట్లోకి నడిచింది. బిరడా ముక్కుకు ఆనించింది. ఏమీ తెలియలేదు. వెనకే ఎవ్రిల్ వచ్చింది.

"నిజం చెప్పు. ఎలా ఉంది?" అంది లోర్నా.

"ఏది?"

"నా పూలమొక్కకు తాగించావే, అది."

ఎవ్రిల్ మొహం ఎర్రబడింది. "తడిసిన అట్టపెట్టెలో కుక్క పడుకుని లేచినట్టుంది. బిరడా చెడిపోయి వైన్‌కి ఆ కంపు పట్టింది."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పమంటావ్? నువ్వు కళ్లు మూసుకుని ఆపిల్ అంటివి, కాల్చిన రొట్టె అంటివి. పైన ఆ ఎర్ర సాక్సు. క్లిఫ్ దాచిపెట్టుకున్న సీసా కాబోలు అనుకున్నాం. దానికి వంకపెట్టే మొహం ఎవరికుంది?"

"మొన్న గురువారం కొన్నా దాన్ని."

"అయ్యో రాత! రెక్స్ రెండోసారి కూడా అడిగి పోయించుకున్నాడు."

లోర్నా సీసాను గట్టు మీద పెట్టింది. "నాకు వాసన తెలీట్లేదు ఎవ్రిల్. రుచీ తెలీట్లేదు. ఏప్రిల్ నుంచి." కొళాయి కారుతోందని చెప్పినట్టే చెప్పింది.

ఎవ్రిల్ ఆమెను కౌగిలించుకోలేదు. గట్టు మీదున్న తువ్వాలు తీసి, ఆరిపోయిన గ్లాసును చాలాసేపు తుడిచింది.

"డాక్టరుకి చూపించావా?"

"లేదు."

"మంగళవారం నేను తీసుకెళ్తా."

"చూద్దాంలే."

"చూద్దాం గీద్దాం లేదు. ముందు లోపలికెళ్లి వాళ్లకి చెప్పు."

"చెబితే వెళ్లిపోతారు."

"చెప్పకపోతే మా ఆయన మర్యాదకి మూడో గ్లాసు తాగుతాడు. తెల్లవార్లూ నేను పడలేను."

లోర్నా గదిలోకొచ్చి నిలబడింది. "ఆ వైన్ చెడిపోయింది. నాకు తెలీలేదు. క్లిఫర్డ్ పోయినప్పట్నుంచీ నాకు రుచీ వాసనా లేవు," అంది.

రెక్స్ చేతిలో గ్లాసు ఉన్నచోటే ఆగింది. బెర్నార్డ్ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. కోటు తగిలించిన నడవా వైపు వెళ్తున్నాడు. సరే, ఇంతే, అనుకుంది లోర్నా. కోటు అందించాలి కదా అని మాత్రం అనిపించింది.

బెర్నార్డ్ నడవా దాటి వంటింట్లోకెళ్లాడు. సీసాలోని వైన్ తొట్టిలో ఒంపిన చప్పుడు, కొళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి. కడిగిన గ్లాసుతో వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే ఆ కషాయం నేను ఊరికే తాగానన్నమాట," అన్నాడు. "సరే, తర్వాతి సాక్సు ఏది?"

"ఇంక తీర్పెలా చెప్పను?"

"క్లిఫ్ చెప్పినట్టే. అప్పుడు నీ నాలుకతో ఆయన చెప్పేవాడు కదా. ఇప్పుడు మా నాలుకలు తీసుకో."

"నేను చెప్పేదాన్నని నీకెవరు చెప్పారు?"

"ఆ వంటింటి గోడ ఉత్త చెక్కే కదమ్మా. మాకంతా వినపడేది."

"అన్నీనా?" అంది లోర్నా.

"'రెక్స్‌కి ఎక్కువ పోయకు, వాడికి గాడిద నాలుక' అన్నది కూడా," అన్నాడు రెక్స్.

ఎవ్రిల్ పగలబడి నవ్వింది. లోర్నా కూడా నవ్వింది. పెదాలు నవ్వాయి. లోపల మాత్రం ఎప్పట్లాగే ఉంది.

బూడిదరంగు మేజోడు సీసా తీశారు. లోర్నా తాగలేదు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

"రెక్స్, నువ్వు చెప్పు."

"పుల్లగా ఉంది."

"పులుపు ఎక్కడ తగులుతోంది? నాలుక కొసనా, దవడ దగ్గరా?"

"దవడల కింద. పచ్చి ఉసిరికాయ కొరికితే నీళ్లూరతాయే, అలా."

"తోట వాసనేదైనా ఉందా?"

"గడ్డి కోసినప్పటిది," అంది ఎవ్రిల్.

"మేకపాల చీజ్‌తో తినండి."

తిన్నారు. బెర్నార్డ్ ఏమీ అనకుండా ఇంకో ముక్క తీసుకున్నాడు. సరిగ్గా కుదిరితే అతను అలాగే చేస్తాడు.

తర్వాతిది గులాబీరంగు వైన్. దానికి చెడ్డర్ అనే గట్టి చీజ్ జోడీ అని పోయినేడు ఆమె చెప్పింది. కాని చెడ్డర్ కొరికి వైన్ తాగిన రెక్స్ తల అడ్డంగా ఊపాడు. "నీళ్లలా అయిపోయింది. చీజ్ దాన్ని తినేసింది."

"పోయినేడు అలా లేదే."

"అప్పుడు తాగింది అంతకుముందు ఏటి పంట. ఇది పోయినేటిది, దానికి ఎండ ఎక్కడిది? కోతలప్పుడు మనం గొడుగులేసుకుని కోశాం," అంది ఎవ్రిల్.

లోర్నా ఆ సంగతే మరిచిపోయింది. గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పుంటే తప్పు చెప్పేదన్నమాట. కాసేపు ఆలోచించింది. "బుడగల వైన్ కోసం పెట్టిన మెత్తటి చీజ్ ఉందిగా, దాంతో తాగి చూడండి."

కుదిరింది. చివరి తియ్యటి వైన్ నీలిచారల చీజ్‌తో ఎప్పట్లాగే కుదిరింది. చెడ్డర్ ఒక్కటే జోడీ లేకుండా మిగిలిపోయింది.

"దానికి టీ చాలు," అన్నాడు బెర్నార్డ్.

వెళ్లేటప్పుడు ఎవ్రిల్ గుమ్మంలో ఆగింది. "వచ్చే నెల మా ఇంట్లో. సాక్సులు నువ్వు తీసుకురా. రెక్స్‌వి తొడిగితే సీసాలు పారిపోతాయి."

"తెస్తాను. భయపడకండి, ఉతికినవే," అంది లోర్నా.

అది క్లిఫర్డ్ మాట. ప్రతిసారీ మొదటి సీసా తీసేముందు అనేవాడు. ఈసారి ఎవరూ అనలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. బెర్నార్డ్ టోపీ సవరించుకుని, "వాన తగ్గినట్టుంది," అని గేటు వైపు నడిచాడు.

తలుపేసి వచ్చి లోర్నా మేజోళ్లు విప్పింది. చెడిపోయిన వైన్ ఒలికి తడిసిన ఎర్ర మేజోడును తొట్టిలో సబ్బునీళ్లలో ఉతికింది. ఉతకముందు ఒకసారి ముక్కుకు ఆనించింది. ఏమీ లేదు. పిండి రేడియేటర్ మీద ఆరేసింది.

బల్ల మీద చెడ్డర్ మిగిలి ఉంది. నిలబడే ఒక ముక్క కోసుకుని నోట్లో వేసుకుంది. రుచి తెలియలేదు. కాని బాగా పాతబడిన చెడ్డర్‌లో గట్టిపడే సన్నటి పలుకు ఒకటి పళ్ల మధ్య కరకరమంది. నమలడం ఆపింది. మళ్లీ నమిలింది. ఇంకో పలుకు తగిలింది.

ఇంకో ముక్క కోసుకుని, కేటిల్‌లో నీళ్లు పోసి స్విచ్ వేసింది.