నీలిచుక్క లేని పొద

ఆ దీవుల పొదలు నాలుగు జాతులని అందరూ ఒప్పుకున్నారు. చిన్నదీవిలోది ఐదో జాతి అని మామయ్య ఒక్కడే ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నాడు. అది పక్కదీవి పొదే మహాప్రభో అని తోటివాళ్లు నెత్తీనోరూ కొట్టుకున్నారు. ఆయన వింటేగా!

చివరికి తీర్పు మేనకోడలి చేతిలో పడింది. ఆమె పని ఆకుల్లోని రసాయనాలు చూడడం. ఆకు నూరి, రసం తీసి, పూత పూసిన గాజుపలక అంచున చుక్క పెడుతుంది. పలకను ద్రావకంలో నిలబెడితే తడి మెల్లగా పైకి పాకుతూ చుక్కను విడదీస్తుంది. చీకటిగదిలో ఊదా దీపం కింద ఒక్కో జాతికి ఒక్కో చుక్కల వరస వెలుగుతుంది.

పక్కదీవి ఆకుకు పైన నీలిచుక్క వచ్చింది. చిన్నదీవి ఆకుకు రాలేదు.

"చెప్పానా లేదా!" మామయ్య చిన్నపిల్లాడిలా గంతేశాడు. వ్యాసం రేపే పంపుతానన్నాడు.

ఆమెకు మాత్రం మనసులో ఏదో పీకుతూనే ఉంది. చిన్నదీవి ఆకు మిగతా చుక్కలు కూడా వెలవెలబోతున్నాయి.

"మామయ్యా, ఈ ఆకులు ఎలా ఆరబెట్టావు?"

"ఆరబెట్టడమా! అక్కడ వాన వదిలితేగా. బూజు పట్టకుండా స్పిరిట్‌లో ముంచి తెచ్చా."

"అన్ని దీవులవీ అంతేనా?"

"చిన్నదీవివే..." అని ఆగిపోయాడు. స్పిరిట్ ఆకులోని రసాయనాలను కడిగేస్తుందని ఆయనకు ఒకరు చెప్పాలా?

నోరు మూసుకుని ఉంటే పోయేదేమో అని ఆమెకు ఏడుపొచ్చింది. ఆయనేమో లేచి, చిన్నదీవి గింజతో పెంచుకున్న కిటికీ కుండీలోంచి ఒక పచ్చి ఆకు తుంచి తెచ్చాడు.

తడి పలక ఎక్కుతున్నంతసేపూ ఇద్దరూ చీకట్లోనే కూర్చున్నారు. ఆయన ఆ దీవి గురించి చెప్పాడు. పొద్దున్నే మంచు కమ్మితే నేల కనపడదట, పొదలు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయట. గది గోడలు కూడా ఎటో జరిగిపోయినట్టనిపించింది ఆమెకు.

దీపం వేసింది. నీలిచుక్క ఉంది. సరిగ్గా పక్కదీవి చుక్క ఉన్న ఎత్తులోనే, నిండుగా వెలుగుతోంది.

ఆమె దీపం ఆర్పబోయింది.

"ఉండనీవే," అన్నాడు మామయ్య. "ముప్పై ఏళ్లు దీన్లో తేడానే వెతికాను. దీన్ని చూడడం ఇదే మొదలు."