నినాదం కింద చిన్న అక్షరాలు

రంగు చల్లే గదిలోకి వెళ్ళేముందు ముక్కుకి తడిగుడ్డ కట్టుకోవడం ఆ దుకాణంలో అన్న పెట్టిన నియమం. తమ్ముడు పనిలో చేరిన కొత్తలో ఒకసారి బద్ధకించి వట్టి ముఖంతో లోపలికి పోయాడు. అన్న వీపు మీద ఒక్కటి చరిచి బయటికి లాక్కొచ్చాడు.

"ఊపిరితిత్తులేమన్నా అద్దెకు తెచ్చుకున్నావురా, పాడైతే తిరిగిచ్చేయడానికి?"

ఆనాటి నుంచీ ఆ గుడ్డ అన్నదమ్ములిద్దరికీ కుంచెలాగా, స్కేలులాగా ఒక పనిముట్టు. దాని మంచిచెడ్డల గురించి ఎవరూ ఎన్నడూ చర్చించలేదు. కుంచెకు రాజకీయాలేముంటాయి?

అన్నకు ఊళ్ళో పేరు 'నినాదం'. పొట్ట నింపేది బోర్డులు రాసే పనే అయినా, అతని అసలు ప్రజ్ఞ నాలుగు మాటల్లో నలభై మాటల బరువు కూరడంలో ఉండేది. మీసం మొలిచీ మొలవని వయసులో ఒక పార్టీకి గోడలు రాయడం మొదలుపెట్టాడు. ఆ పార్టీ గెలిచినా ఓడినా అతను మారలేదు. తరవాత గోడలు పోయి ఫ్లెక్సీలొచ్చాయి. ప్రింటింగు మిషను తమ్ముడి చేతికొచ్చింది, రేకు బోర్డులూ రంగు చల్లడమూ అన్నకు మిగిలాయి. నినాదం మాత్రం అన్న నోటినుంచి రావలసిందే.

గుడ్డ సంగతి తెలియని తొలినాళ్ళలో పీల్చిన రంగు అతని ఛాతీలో ఉండనే ఉంది. ఛాతీ డాక్టరమ్మ ఎక్స్‌రేని దీపానికి ఎదురుగా పట్టుకుని, "మీకు జలుబు కూడా పెద్ద జబ్బే. జాగ్రత్త" అని ఎప్పుడో హెచ్చరించింది. ఆ మాట అతని భార్య మరచిపోలేదు. అతను కూడా మరచిపోలేదు, కాని గుర్తున్నట్టు కనిపించేవాడు కాదు.

అలాంటి సమయంలో ఆ అంటువ్యాధి వచ్చిపడింది. వీధిలోకి వచ్చేవారంతా మాస్కు పెట్టుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ప్రభుత్వం వేసింది గనుక ప్రతిపక్షం వద్దంది. ఒకవేళ ప్రభుత్వమే వద్దని ఉంటే, ప్రతిపక్షం రెండేసి పెట్టుకుని ఊరేగి ఉండేదేమో, చెప్పలేం. మాస్కు నోటి తుంపరల్ని కొంత ఆపుతుంది, కొంత ఆపదు. ఎంత ఆపుతుందన్నది కొలవదగిన ప్రశ్న. అయితే కొలవదగిన ప్రశ్నలకు సభల్లో చప్పట్లు పడవు. అన్న పనిచేసే పార్టీ ప్రతిపక్షంలో ఉంది.

ఆ పార్టీ సభలన్నీ నడిపించే మనిషిని ఊరంతా 'మైకు' అని పిలిచేది. చేతిలో అది లేనప్పుడు కూడా ఆయన అంతే గట్టిగా మాట్లాడేవాడు. ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"అవతలివాళ్ళది చూశావా అన్నా? 'ముక్కు మూయి, ఊరు కాయి' అట!"

"కాయి ఏమిటి? బెండకాయా?" అన్నాడు అన్న.

"అదే నేనూ అంది! మనం వాళ్ళ నోరు మూయించేది ఒకటి కొట్టాలి."

అన్న కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. తర్వాత అట్టముక్క మీద మార్కరుతో ఒక్క ఊపున రాశాడు: 'ముసుగు దొంగకి – ముఖం మనిషికి.'

మైకు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "చంపేశావన్నా!"

ఆయన వెళ్ళాక తమ్ముడు మిషను ఆపి అడిగాడు. "ఇది నిజమా అన్నయ్యా? ఆపరేషను చేసే డాక్టరు దొంగా?"

"నినాదాన్ని నిజమా అని అడక్కూడదురా. గుర్తుంటుందా అని అడగాలి."

గుర్తుండడమేమిటి, ఊరంతా నోటికి పట్టేసింది. బస్సుల వెనకా, టీ కొట్ల ముందూ, పిల్లల ఆటల్లోనూ అదే మాట. మాస్కుతో బజారుకెళ్ళిన పెద్దమనుషుల్ని వెనకనుంచి "దొంగ, దొంగ" అని అల్లరిపెట్టేవారు. కూరలు కొనబోయిన వదిన కూడా ఒక రోజు ఆ మాట పడి వచ్చింది. సంచీ కింద పెట్టి, "మొత్తానికి నన్ను దొంగను చేశారు. ఏం దోచానో అది కూడా చెప్పండి" అంది భర్తతో. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ వారంలోనే, ఒక ట్రక్కు తలుపులకు రంగు చల్లడానికి అన్న వట్టి ముఖంతో లోపలికి వెళ్ళడం తమ్ముడు చూశాడు.

"అన్నయ్యా, గుడ్డ!"

"అక్కర్లేదులే."

"అక్కర్లేకపోవడమేంటి? అది మాస్కు కాదు, మన గుడ్డ!"

అన్న స్ప్రేగన్ను దించి, వీధి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "అందరి చేతుల్లోనూ ఫోన్లేరా. 'నినాదమే ముసుగేసుకున్నాడు' అని ఒక్క ఫొటో తీశారంటే చాలు. ఇన్నేళ్ళ పరువు గంగలో కలుస్తుంది."

భోజనం గిన్నె తెచ్చిన వదిన గుమ్మంలో నిలబడి అంతా వింది. "మరి ఊపిరి ఎందులో కలిసినా ఫర్వాలేదా?"

"ఊపిరి నా ఒక్కడిదే. మాట నలుగురిదీ."

"ఆ నలుగురూ మోయడానికే పనికొస్తారు" అని ఆవిడ గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. అన్న తలుపు వేసుకున్నాడు. లోపల స్ప్రేగన్ను బుసతో పాటు దగ్గు కూడా వినబడుతూనే ఉంది.

తమ్ముడు మైకు ఇంటికి వెళ్ళాడు. ఆయన చెడ్డమనిషేమీ కాదు. ఆయన తల్లి మేడమీద గదిలో వేరుగా ఉంటోంది. పళ్ళేన్ని గుమ్మం దగ్గర పెట్టి దూరంగా జరుగుతాడు, తమ్ముడి కళ్ళముందే అలా చేశాడు.

"మీరు సభలో ఒక్కమాట చెబితే చాలు. జబ్బుమనుషులు పెట్టుకోవచ్చని. మా అన్నయ్య మీ మాట వింటాడు."

మైకు చాలాసేపు తల గోక్కున్నాడు. "తమ్ముడూ, ఈరోజు జబ్బున్నవాళ్ళు పెట్టుకోవచ్చంటాను. రేపు జబ్బున్నవాళ్ళ పక్కన ఉన్నవాళ్ళో? ఎల్లుండి వాళ్ళ పక్కవాళ్ళో? ఆ లెక్కన చివరికి నేనొక్కణ్ణే మిగులుతాను. నినాదానికి 'తప్ప' అని తోక తగిలిస్తే అది చస్తుంది. మీ అన్ననే అడుగు, చెబుతాడు."

నిజానికి ఆ మూడు వాక్యాల్లో ఆయన అంటువ్యాధి స్వభావాన్ని సరిగ్గానే వర్ణించాడు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

మార్కెట్ కూడలిలో జరగబోయే పెద్దసభకు ఫ్లెక్సీల పని తమ్ముడికే వచ్చింది. కంప్యూటరు తెర మీద అన్న నినాదం గోడంత అక్షరాల్లో నిలబడి ఉంది. తమ్ముడు దాని అడుగున, అంచుకు ఆనుకుని, బొటనవేలంత అక్షరాల్లో ఒక వరస చేర్చాడు: 'శ్వాస జబ్బులు ఉన్నవారికి ఇది వర్తించదు.' పార్టీ ఫ్లెక్సీ మీదే ఆ మాట ఉంటే అన్న తలవంపులు లేకుండా గుడ్డ కట్టుకోవచ్చు. చూసినవాళ్ళు నాయకుల దయాగుణం అనుకుంటారు. ఇంత మర్యాదైన, ఇంత సహేతుకమైన వాక్యాన్ని ఎవరు కాదంటారు? సహేతుకమైన మాటకు శత్రువులుండరని అతని నమ్మకం. దేవుణ్ణీ దెయ్యాన్నీ నమ్మనివాడు, ఆ ఒక్క విషయంలో మూఢవిశ్వాసి.

ఫ్లెక్సీలు కట్టిన మధ్యాహ్నానికే అవతలి పార్టీవాడెవడో ఆ వరసను ఫొటో తీసి, పెద్దది చేసి ఊరందరి ఫోన్లకూ పంపాడు. 'చూశారా, వాళ్ళకి వాళ్ళే ఒప్పుకున్నారు! పైన పులి, కింద పిల్లి!' అని దాని మీద రాసి ఉంది. సాయంత్రానికి మైకు పదిమందిని వెంటేసుకుని దుకాణంలోకి దూసుకొచ్చాడు.

"ఎవడు కొట్టాడీ లైను? అవతలివాళ్ళ దగ్గర ఎంత తిన్నార్రా?" వెంట వచ్చినవాళ్ళలో ఒకడు అప్పటికే మిషను మీద చెయ్యి వేశాడు.

అన్న ఫోను అందుకుని ఆ ఫొటోని దగ్గరగా పెట్టుకుని చూశాడు. అక్షరాల మధ్య ఎడం చూసి ఎవరి చెయ్యో చెప్పగలిగినవాడు అతను. తమ్ముడి ముఖంలోకి ఒక్కసారి చూశాడు.

"నేనే కొట్టించాను."

"నువ్వా?" మైకు గొంతు మొదటిసారి తగ్గింది.

"నా ఛాతీ సంగతి నీకు తెలుసుగా. భయపడ్డాను. బుద్ధి గడ్డితింది."

తమ్ముడు నోరు తెరిచాడు. అన్న చెయ్యి భుజం మీద పడి గట్టిగా నొక్కింది. తమ్ముడు నోరు మూసుకున్నాడు. ఆ నొక్కు బలానికి మూసుకున్నాడా, మిషను మీదున్న చేతికి భయపడి మూసుకున్నాడా అన్నది తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తేలలేదు.

"అయితే అన్నా, రేపు లారీ మీద నువ్వే నిలబడాలి. నీ నోటితోనే చెప్పాలి. అప్పుడే ఈ మచ్చ పోతుంది" అన్నాడు మైకు.

"అలాగే."

వాళ్ళు వెళ్ళాక తమ్ముడు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "నన్ను చెప్పనివ్వాల్సింది."

"చెబితే మిషను బద్దలుకొట్టేవాళ్ళు, ఆ తరవాత నిన్ను. నన్నైతే చప్పట్లు కొట్టి వదిలేస్తారు." అన్న దగ్గి, గుక్క తిప్పుకున్నాడు. "అయినా అంత చిన్నక్షరాలేమిట్రా? చెప్పదలచుకుంటే పెద్దగా చెప్పాలి. భయపడుతూ రాసిన అక్షరం ఎక్కడున్నా దొరికిపోతుంది. నీకు ఆ మాత్రం కూడా నేర్పలేకపోయాను."

"రేపు వెళ్ళకు అన్నయ్యా."

"వెళ్ళకపోతే ఎవరు రాశారని మళ్ళీ వెతుకుతారు."

మర్నాడు కూడలి కిక్కిరిసిపోయింది. అన్న లారీ మీద నిలబడి ఎండలో అరిచాడు. అతను ముందు సగం అందిస్తే, జనం వెనక సగం పలికారు. మధ్యలో దగ్గుతెర వచ్చి మాట ఆగిపోతే, గొంతు పూడుకుపోయిందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. దిగగానే కౌగలించుకున్నారు, భుజాలకెత్తుకున్నారు, చెవిలో అరిచారు, ముఖంలో ముఖం పెట్టి నవ్వారు. ఒక అంచున నిలబడ్డ తమ్ముడి మాస్కును ఎవడో వెనకనుంచి లాగేశాడు. తమ్ముడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. అన్న ముఖంలో అతను ఎన్నాళ్ళుగానో చూడని సంతోషం ఉంది. నటన కాదు. అదే అతనికి భరించరానిదిగా తోచింది.

జ్వరం రావడానికి ఆట్టే రోజులు పట్టలేదు. ఆసుపత్రిలో వార్డులోకి ఎవరినీ రానివ్వడం లేదు. వదినా తమ్ముడూ ఆవరణలో సిమెంటు బెంచీకి చెరో చివరా కూర్చునేవారు. లోపలినుంచి నర్సు వచ్చి కబురు చెప్పేది. మొదట "తింటున్నారు" అంది, తర్వాత "తాగుతున్నారు" అంది, ఆ తర్వాత "ఉన్నారు" అని మాత్రం అంది. మైకు మనుషులు రెండుసార్లు ఫోను చేశారు. అది ఈ రోగం కాదని, పాత రంగుల జబ్బేనని డాక్టరు చేత ఒక వీడియో ఇప్పించగలరా అని అడిగారు. అవతలివాళ్ళు అడిగే శ్రమ కూడా పడలేదు. 'నినాదం దగ్గుతోంది' అని ఫోన్లలో పంచుకుని మురిసిపోయారు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

ఒక మధ్యాహ్నం వదిన అడిగింది. "ఆ లైను నువ్వే రాశావు కదూ?"

"ఆఁ."

"తెలుసులే. ఆయన రాస్తే అంత మర్యాదగా ఉండదు." వార్డు కిటికీల వైపు చూసి మళ్ళీ అంది. "అది లేకపోతే లారీ ఎక్కేవారు కాదేమో."

"ఎక్కేవాడేమో కూడా వదినా. రేపు కాకపోతే ఎల్లుండి."

"ఏమో" అంది ఆవిడ.

ఆ 'ఏమో'ను తేల్చగల ప్రయోగమేదీ లోకంలో లేదు. ఉన్నది ఒక్కడే అన్న. అతన్ని లారీ ఎక్కించి ఒకసారీ, ఎక్కించకుండా ఒకసారీ చూడడం కుదరదు. ఆమె మరిదిని నిందించలేదు. తప్పు లేదని కూడా అనలేదు. బెంచీకి అటు చివర, కొంగు ముక్కు మీదికి లాక్కుని గేటు వైపు చూస్తూ ఉండిపోయింది.

అన్న పోయినట్టు మర్నాడు పొద్దున్నే చెప్పారు. సంచీలో చుట్టి వ్యాను ఎక్కించారు, ముఖం చూడనివ్వలేదు. ముందు సీట్లో డ్రైవరు పక్కన వదిన, కిటికీ దగ్గర తమ్ముడు ఇరుకుగా కూర్చున్నారు. వ్యాను ఆవరణ దాటి గేటు దగ్గర ఆగిపోయింది. బయట రెండు గుంపులున్నాయి. కబురు అప్పటికే పాకింది. ఒక గుంపు "రంగు చంపింది" అంటోంది, రెండో గుంపు "మీరే చంపారు" అంటోంది. చొక్కాలు పట్టుకున్నారు. ఒకడి మాస్కు చిరిగి చెవికి వేలాడుతోంది. మైకు ఎత్తైన చోట నిలబడి, ఏడుస్తూనే అరుస్తున్నాడు. ఎవరూ వ్యాను వైపు చూడలేదు.

డ్రైవరు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి, "దారివ్వండి! ఇందులో ఉన్నది ఆయనే!" అని అరిచాడు. తన గొంతు తనకే వినపడలేదు.

"ఎటువైపు వాళ్ళండీ మీరు?" అని అడిగాడు డ్రైవరు, కుతూహలం కొద్దీ.

"ఏ వైపూ కాదు నాయనా" అంది వదిన. "వెనక గేటు లేదా?"

"ఉందండీ. తాళం వేసుంటుంది."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"వాచ్‌మన్ దగ్గరండీ."

"పిలవచ్చుగా మరి."

డ్రైవరు గుంపు వైపు వేలు చూపించాడు. వాచ్‌మన్ చేతికర్ర పారేసి, ఎవడి కాలరో పట్టుకుని ఉన్నాడు.